దాటేసిన దేశంలో ఒక మధ్యాహ్నం

విదేశాలు చూడాలంటే కళ్ళు ఉండాలని ఎవరన్నారు? మెడలో ఒక ట్యాగు, చేతిలో ఒక ఫోను ఉంటే చాలు. గ్రూప్ టూర్ కనిపెట్టిన మహానుభావుడెవరో గానీ, ఆయనకు నడిబజారులో విగ్రహం పెట్టించాలి. దాని ముందు బస్సు పది నిమిషాలు ఆపాలి.

పాతకాలం మనుషులు పాపం, ఒక దేశం వెళితే ఆ దేశంలోనే ఇరుక్కుపోయేవారు. దారి తప్పేవారు. దారి అడిగేవారు. అడిగిన పాపానికి అవతలివాడు మాట కలిపేవాడు, మాట కలిశాక ఇంటికి రమ్మనేవాడు. ఎంత తలనొప్పి! ఇప్పుడా బెడద లేదు. బస్సు అద్దంలోంచి దేశాలు వరసగా వచ్చి, మనకు నమస్కారం పెట్టి వెళ్ళిపోతాయి.

పోనీ ఇది మన ఒక్కరి గొప్పా అంటే, కాదు. వాళ్ళూ మన దేశానికి ఇలాగే వస్తున్నారు. బస్సు దిగి, కోట ముందు నిలబడి, బొమ్మల దుకాణంలో దూరి, బస్సెక్కి పోతున్నారు. మనకు వాళ్ళ గురించి ఎంత తెలుసో, వాళ్ళకు మన గురించీ అంతే తెలుసు. ఎవరికీ ఎవరి సంగతీ తెలియనప్పుడు ఇక గొడవలెక్కడివి? ప్రపంచశాంతికి ఇంతకంటే దగ్గరి దారి ఉందా?

ఇంత పకడ్బందీ ఏర్పాటులోనూ ఒక్కోసారి పొరపాటు దొర్లుతుంది. ఎవరో ఒకరు నిజంగానే ఒక ఊరు చూసేస్తారు. మా వీధి టైలరమ్మకు జరిగింది అదే.

టైలరమ్మ దుకాణం మా మేడమెట్ల కింద గదిలో ఉంటుంది. స్కూలు యూనిఫారాల నుంచి పెద్దవాళ్ళ కోట్ల దాకా వీధిలో అందరి కొలతలూ ఆవిడకు కంఠతా వచ్చు. ఆవిడ భర్త గోడౌన్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యారు. పేరుకే రిటైరయ్యారు, లెక్కల మీద మమకారం పోలేదు. పక్కింటివాళ్ళు ఐదు దేశాలు చూసొచ్చారని, ఎదురింటివాళ్ళు ఏడు తిరిగొచ్చారని తెలిసిన దగ్గర్నుంచి ఆయనకు అన్నం సయించలేదు. ఆఖరికి పది రోజుల్లో తొమ్మిది దేశాలు చూపించే ప్యాకేజీ పట్టారు.

"మరి పదో రోజు ఖాళీగా ఎందుకున్నట్టు?" అని ఆఫీసువాళ్ళను నిలదీశారు కూడా.

"అది షాపింగుకండీ," అన్నారు వాళ్ళు.

టైలరమ్మ ఒక్కసారి మాత్రం నోరు విప్పింది. "ఏవండీ, ఏదో ఒక్క ఊరికి వెళ్ళి, నాలుగు రోజులు నింపాదిగా కూర్చుని వద్దామండీ."

"కూర్చోడానికి అంత దూరం దేనికి? ఇంట్లో సోఫా ఉందిగా," అన్నారు మేనేజరు గారు. అక్కడితో ఆ చర్చ ముగిసింది.

ప్రయాణం మొదలైంది. బస్సులో ఆవిడ టైలరమ్మ కాదు, మేనేజరు గారి మిసెస్. ఆవిడకు అప్పగించిన పని ఫోటోలు తీయడం. బస్సు ఎక్కడ ఆగితే అక్కడ ఆయన దిగి, గోపురాన్నో వంతెననో వెనకాల పెట్టుకుని, చేతులు బార చాపి, "తియ్యి" అనేవారు. ఆవిడ తీసేది. మూడో దేశానికల్లా ఆయన ఫోను నిండిపోయింది. అప్పట్నుంచి ఆవిడ ఫోను కూడా ఆయన జేబులోకే వెళ్ళింది. అందరి పాస్‌పోర్టులూ గైడు సంచిలో ఉండేవి. ఆ విధంగా ఆరో దేశం వచ్చేసరికి టైలరమ్మ ఒంటి మీద బట్టలు, భుజాన ఖాళీ హ్యాండ్‌బ్యాగు తప్ప ఏ బాదరబందీ లేని మనిషైంది.

ఆరో దేశంలో చూడదగ్గవి ఏవీ లేవని గైడు ముందే చెప్పాడు. సరిహద్దుకు కాస్త ఇవతల ఒక చిన్న ఊళ్ళో బస్సు ఆపి, బాత్‌రూములు చూపించి, "ఇక్కడ ఇవే ఫేమస్" అని తన జోకుకు తనే నవ్వాడు.

ఆడవాళ్ళ వరస ఎప్పటిలాగే పొడుగ్గా ఉంది. టైలరమ్మ అందరికీ దారిస్తూ ఆఖరున లోపలికి వెళ్ళింది. బయటికొచ్చేసరికి బస్సు లేదు.

పక్కనెక్కడో పెట్టి ఉంటారనుకుంది. అటు తిరిగి చూసింది. భవనం చుట్టూ ఓ ప్రదక్షిణం చేసింది. రోడ్డు ఈ చివర నుంచి ఆ చివర దాకా బోసిగా ఉంది. అప్పుడు గుండె గుభేలుమంది. అక్కడే మెట్టు మీద కూలబడింది.

బస్సులో ఏం జరిగిందో ఆవిడకు తర్వాత తెలిసింది. గైడు మైకులో, "ఎవరి పక్కవాళ్ళను వాళ్ళు చూసుకోండి, అందరూ ఉన్నారా?" అన్నాడు. మేనేజరు గారు ఫోనులో తలదూర్చి ఫోటోలు సర్దుతున్నారు. తల ఎత్తకుండానే పక్క సీటు మీద చెయ్యి వేశారు. అక్కడ ఆవిడ కోటు ఉంది. మెత్తగా, వెచ్చగా తగిలింది. "ఉంది," అన్నారు.

సరిహద్దు దగ్గర అధికారి ఇంకా చురుకైనవాడు. బస్సెక్కి మనుషుల మొహాలు చూసే ఓపిక లేక, గైడు చేతిలోని పాస్‌పోర్టులు లెక్కపెట్టుకున్నాడు. అన్నీ ఉన్నాయి. టకటకా ముద్రలు కొట్టేశాడు. ఆ రకంగా ప్రభుత్వ రికార్డుల ప్రకారం టైలరమ్మ ఆ దేశం వదిలి వెళ్ళిపోయింది. ఆ సమయానికి ఆవిడ అదే దేశంలో, బాత్‌రూము మెట్టు మీద, కళ్ళు తుడుచుకుంటూ కూర్చుని ఉంది.

ఆ బాత్‌రూములు చూసుకునే మనిషి ఒకావిడ, ఇంచుమించు టైలరమ్మ వయసుదే, చీపురు గోడకానించి వచ్చి పక్కన కూర్చుంది. ఆవిడ భాష ఈవిడకు రాదు, ఈవిడ భాష ఆవిడకు రాదు. ఆవిడ ఫోను తీసి అందులో ఏదో మాట్లాడింది. ఫోను గొంతు సవరించుకుని మన భాషలో పలికింది.

"మీ వాహనం పరమపదించింది. ఏడవకండి. వేడి సబ్బు తాగుతారా?"

టైలరమ్మ బిత్తరపోయింది. కాదంటే ఏమనుకుంటుందోనని తలాడించింది. లోపలి గదిలోంచి కప్పుతో సూప్ వచ్చాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

సూప్ కడుపులో పడ్డాక కాస్త ధైర్యం వచ్చింది. భర్త నంబరు చెబుదామంటే నోటికి రాలేదు. ఇన్నేళ్ళుగా ఫోనులో 'ఆయన' అని నొక్కితే పలికే మనిషికి నంబరు ఉంటుందని ఎవరు గుర్తుపెట్టుకుంటారు? మెడలోని ట్యాగు మీద టూర్ ఆఫీసు నంబరుంటే బాత్‌రూముల ఆవిడే దానికి ఫోను చేసింది. మీ కాల్ మాకు ఎంతో ముఖ్యమని చెప్పి, వాళ్ళు పాట పెట్టారు. రెండోసారి చేసినా అదే పాట.

"మీరు ఎక్కడి నుంచి?" అని ఫోను అడిగింది.

టైలరమ్మ తన దేశం పేరు చెప్పింది. బాత్‌రూముల ఆవిడ మొహం విప్పారింది. ఆవిడ గడగడా మాట్లాడింది, ఫోను ముక్కలు ముక్కలుగా అప్పగించింది.

"నేను మీ దేశం వచ్చాను. ఐదు రోజులు. కోట, అద్దంలోంచి. దుకాణం. మళ్ళీ దుకాణం. మీ మనుషులు ఎలా ఉంటారో చూడాలనుకున్నాను. బస్సు ఆగలేదు."

టైలరమ్మకు నవ్వొచ్చింది. ఆవిడకూ వచ్చింది. ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు చరుచుకుని మరీ నవ్వారు. ఎందుకో ఇద్దరికీ తెలుసు. ఆ నవ్వును ఫోను అనువదించలేకపోయింది.

తర్వాతి బస్సు సాయంత్రం దాకా రాదట. ఆవిడ బాత్‌రూములకు తాళం వేసి, తన స్వెట్టరొకటి టైలరమ్మ భుజాన కప్పి, ఫోనులో అడిగింది. "మీరు ఏమి చూస్తారు?"

ఈ ప్రయాణం మొత్తంలో టైలరమ్మనెవరూ ఆ మాట అడగలేదు. ఆవిడ చేత్తో సూది తిప్పినట్టు చూపించి, "ఇక్కడ బట్టలు కుట్టేవాళ్ళున్నారా?" అంది.

ఉన్నారు. రెండు వీధుల అవతల, రొట్టెల దుకాణం పక్కన, ఒక ముసలాయన కిటికీ దగ్గర కూర్చుని కోటు చేతికి లోపలి గుడ్డ వేస్తున్నాడు. టైలరమ్మ గుమ్మంలో నిలబడి ఆయన చేతుల వంక చూస్తూ ఉండిపోయింది. ఆయన కళ్ళజోడు పైనుంచి ఆవిడను చూశాడు. ఆవిడ బొటనవేలికి, చూపుడువేలికి సూది పట్టి కాచిన కాయలు చూశాడు. స్టూలు జరిపాడు.

ఆవిడ ఆ స్టూలు మీద మధ్యాహ్నమంతా కూర్చుంది. ఆయన సూదిలోకి దారం ఎక్కించలేక అవస్థ పడుతుంటే ఎక్కించి ఇచ్చింది. భుజం దగ్గర గుడ్డ ముడత పడకుండా ఆయన ఎలా తిప్పుతున్నాడో చూసింది. నచ్చింది. తను ఎలా తిప్పుతుందో చూపించింది. ఆయనా తల పంకించాడు. బాత్‌రూముల ఆవిడ ఫోను బల్ల మీద పెట్టింది గానీ, దానితో ఎవరికీ పని పడలేదు. బయట పిల్లలు బడి నుంచి ఇళ్ళకు పోతున్నారు. ఎవరో సైకిలు ఆపి చిరిగిన చొక్కా ఇచ్చి వెళ్ళారు. ఒక దేశంలో మనుషులు ఇలా ఉంటారన్నమాట అనుకుంది టైలరమ్మ. ఒక్క ఫోటో అయినా తీయలేదు. తీయడానికి ఫోను లేదు కదా!

ఇక సరిహద్దుకు అవతల సంగతి. ఏడో దేశంలో ఒక సరస్సు ఉంది. మేనేజరు గారు బస్సు దిగి, సరస్సును వెనకాల పెట్టుకుని, ఎండ కళ్ళలో పడుతుంటే కళ్ళు చికిలించి, చేతులు బార చాపారు.

"తియ్యి."

చప్పుడు లేదు.

"తీశావా?"

చేతులు నొప్పి పుట్టాక కళ్ళు తెరిచి చూశారు. ఎదురుగా ఎవరూ లేరు. ఫోనులు రెండూ ఆయన జేబులోనే ఉన్నాయి. భార్య కనబడడం లేదన్న సంగతి ఆయనకు అలా తెలిసింది.

ఆయన్ను నేను తప్పుపట్టను. చాలామంది భర్తలకు అదీ తెలియదు.

బస్సు గగ్గోలైంది. గైడుకు తల ప్రాణం తోకకొచ్చింది. వాళ్ళకూ వీళ్ళకూ ఫోన్లు చేసి, ఎలాగైతేనేం, ఇవతలి ఊరి బాత్‌రూముల ఆవిడ నంబరు పట్టాడు. సాయంత్రానికి బాత్‌రూముల ఆవిడ తన కారులో టైలరమ్మను సరిహద్దుకు తీసుకొచ్చింది. గేటుకు అవతల గైడు పాస్‌పోర్టు పట్టుకుని, పక్కన మేనేజరు గారు కోటు పట్టుకుని నిలబడ్డారు. మధ్యలో అధికారి.

అధికారి కంప్యూటర్ చూసి చెప్పింది ఫోను ఇలా పలికింది. "మీరు ఈ దేశంలో లేరు. మధ్యాహ్నమే వెళ్ళిపోయారు."

"ఇదిగో ఉన్నాను కదా నాయనా," అంది టైలరమ్మ.

"లేరు. వెళ్ళిపోయినవారు మళ్ళీ వెళ్ళడానికి వీలు లేదు. ముందు రావాలి."

"వచ్చే ఉన్నానుగా."

"రావాలంటే అటు నుంచి రావాలి."

ఆ అధికారి చెప్పినదాంట్లో ఒక్క తప్పు చూపించండి. చూపించలేరు. ఆయన పై అధికారికి ఫోను చేశాడు, పై అధికారి ఇంకా పై అధికారికి చేశాడు. చివరికి గేటు ఎత్తి ఆవిడను నాలుగడుగులు అవతలికి నడిపించారు. అక్కణ్ణుంచి వెనక్కి తిప్పి, కొత్తగా దేశంలోకి రప్పించి, తర్వాత పద్ధతిగా బయటికి పంపాలని తీర్మానం.

కొత్తగా వస్తున్నవాళ్ళను అడగవలసినవి అడగాలిగా? అధికారి గొంతు మార్చి అడిగాడు. "వచ్చిన పని?"

"ఊరు చూడ్డానికి," అంది టైలరమ్మ.

"ఒంటరిగా వచ్చారా?"

ఆవిడ అటు తిరిగి చూసింది. గేటు అవతల మేనేజరు గారు కోటు చంకలో పెట్టుకుని, వాచీ చూసుకుంటున్నారు.

"అవును. ఒంటరిగానే."

అధికారి ఆశ్చర్యపోయి మేనేజరు గారి వైపు వేలు చూపించాడు. "మరి ఆయన?"

"ఆయనా..." అంది టైలరమ్మ. "ఆయన కూడా అదే బస్సులో వచ్చారు."

ఫోను దాన్ని ఎలా అనువదించిందో తెలియదు గానీ, అధికారి ఇంకేమీ అడగకుండా ముద్ర వేశాడు. మేనేజరు గారికి మాత్రం అనువాదం అక్కర్లేకపోయింది. వాచీ చూడడం మానేశారు. బాత్‌రూముల ఆవిడ స్వెట్టరు వెనక్కి తీసుకోనంది. టైలరమ్మ ఆవిడను కౌగిలించుకుని, గేటు దాటింది.

బస్సులో మేనేజరు గారు కోటు అందిస్తూ, "భయపడ్డావా?" అన్నారు.

"మొదట్లో," అంది ఆవిడ.

తిరిగొచ్చాక వీధివాళ్ళందరినీ పిలిచి ఫోటోలు చూపించారు. తొమ్మిది దేశాల్లోనూ మేనేజరు గారు చేతులు బార చాపి నిలబడి ఉన్నారు. చూసి చూసి ఎదురింటావిడ, "మీ ఇంటావిడ రాలేదేమండీ?" అంది. ఆయన గబగబా ఫోటోలు ముందుకూ వెనక్కూ జరిపారు. ఎక్కడైనా ఒక్కటి ఉంటుందనుకున్నారు పాపం. టైలరమ్మ అందరికీ కాఫీ తెచ్చి పెట్టింది.

ఇదంతా జరిగి ఏడాదైంది. మొన్న పొద్దున మేనేజరు గారు పేపరు పట్టుకుని మా ఇంటికొచ్చారు. మెట్ల కింద గదికి తాళం వేసి అప్పటికి వారమైంది.

"చూశారా, ఒంటరిగా విదేశాలకు వెళ్ళే ఆడవాళ్ళు బాగా పెరిగారట," అని చదివి వినిపించారు. "ఎందుకో నిపుణులు తేల్చారు. విమానం టికెట్లు చవకయ్యాయట. అంతే. నేనూ అదే అనుకున్నాను."

"అంతే అయ్యుంటుందండీ," అన్నాను. నిపుణులతో నాకెందుకు? "ఇంతకీ టైలరమ్మ గారు ఏ ఊళ్ళో ఉన్నారు?"

మేనేజరు గారు పేపరు మడిచారు. తొమ్మిది దేశాల పేర్లూ వరస తప్పకుండా, నిద్రలో లేపి అడిగినా చెప్పే మనిషి.

"ఏదో పేరుంది," అన్నారు. "మా బస్సు బాత్‌రూములకు ఆగింది అక్కడ. ఆవిడకు తెలుసు."