గౌరవ ధర

"మన తీరప్రాంతంలో ఇళ్ల ధరలు పడిపోవడం లేదు, అవి కాస్త కిందికి దిగి సామాన్యుణ్ణి పలకరిస్తున్నాయి, అంతే" అని గృహనిర్మాణ మంత్రిగారు సోమవారం ఉదయం పదకొండు గంటలకు విలేకరుల ముందు ప్రకటించారు.

ఒక విలేకరి లేచి, "అయితే ధరలు పడ్డట్టా, పడనట్టా సార్?" అని అడిగాడు.

"పలకరించడానికి వచ్చిన చుట్టాన్ని 'మీరు పడిపోయారా' అని అడుగుతామా?" అన్నారు మంత్రిగారు. హాలంతా చప్పట్లు. అంతటి మాటకు ఎదురు ప్రశ్న వేసే ధైర్యం ఎవరికుంటుంది?

ఆ వాక్యం రాయడానికి మూడు రోజులు పట్టింది. రాసినాయన మంత్రిగారి కార్యాలయంలో ప్రకటనలు రాసే గుమాస్తా. ఆఫీసులో అందరూ ఆయన్ను కామాగారు అంటారు. ఇరవై రెండేళ్ల సర్వీసులో ఆయన ఏ ప్రకటన చివరా ఒక్క ఫుల్‌స్టాప్ పెట్టలేదు. చుక్క పెడితే మాట ఖాయమైపోతుంది, కామా పెడితే మార్చుకునే వీలుంటుంది. అందుకే నలుగురు మంత్రులు మారినా కామాగారు మారలేదు.

మంత్రిగారి ఇబ్బంది నిజంగా పెద్దదే. ఇళ్లున్న వాళ్లకు ఓట్లున్నాయి, వాళ్లు ధర తగ్గకూడదంటారు. ఇళ్లు లేని వాళ్లకూ ఓట్లున్నాయి, వాళ్లు ధర తగ్గాలంటారు. అడకత్తెరలో పోకచెక్కకు కూడా ఇన్ని బాధలుండవు.

కామాగారి బాధ ఇంకొక రకం. ఆయన అద్దె ఇంట్లో ఉంటాడు. రెండో అంతస్తులో మూడు గదులు, మూడింటికీ కలిపి గాలి వచ్చే కిటికీ ఒకటి. అదీ పక్క మేడ గోడకు ఎదురుగా. చెమట ఆరక ముందే మళ్లీ చెమట పట్టే ఊరది. నాలుగేళ్ల కిందట ఇంటి యజమాని వచ్చి, "ఇళ్ల ధరలు పెరిగాయండీ, దానికి తగ్గట్టు అద్దె పెంచాలి కదా" అని పెంచాడు. ఈ ఏడు మళ్లీ వచ్చాడు.

"ధరలు తగ్గాయి కదండీ ఇప్పుడు?" అంది కామాగారి భార్య. ఆమె బడిలో లెక్కల టీచరు.

"అదేనమ్మా నా ఏడుపు కూడా. ఇంటి విలువ పడిపోయింది, ఆ నష్టం ఎక్కడో ఒకచోట పూడ్చుకోవాలి కదా" అని ఆయన మళ్లీ పెంచాడు.

టీచరమ్మ తలుపు వేసి వచ్చి, "ఏవండీ, ఇన్నాళ్లకి మనకి అందే ధరకి వచ్చాయి ఇళ్లు. ఇప్పుడు కొనకపోతే ఇక ఈ జన్మకి కొనం" అంది.

ఆదివారాలు ఇళ్లు చూడ్డం మొదలుపెట్టారు. సముద్రం ఎదురుగా కట్టిన ఇరవై అంతస్తుల మేడల్లో సగం ఖాళీ. ఉప్పుగాలికి బాల్కనీల కమ్మీలు తుప్పు పట్టి ఎరుపెక్కి ఉన్నాయి. అవి కాకుండా, సముద్రానికి మూడు వీధుల వెనక, మొదటి అంతస్తులో ఒక పాత ఇల్లు దొరికింది. దాని యజమానురాలు ఆసుపత్రిలో ముప్పై ఏళ్లు చేసి దిగిపోయిన నర్సమ్మ. మోకాళ్ల నొప్పులు, ఈ ఉక్కపోత పడటం లేదని కొండప్రాంతంలో ఉన్న చెల్లెలి దగ్గరికి వెళ్లిపోదామనుకుంటోంది.

వంటింటి కిటికీ తీయగానే గాలి ఒక్కసారిగా లోపలికి వచ్చి టీచరమ్మ పైట లాగింది. టీచరమ్మ అక్కడే నిలబడిపోయింది. కామాగారికి బేరమాడే అవకాశం అక్కడితో పోయింది.

కానీ బేరం అక్కర్లేకపోయింది. "రెండేళ్ల కిందట ఒకాయన దీనికి ఒకటిన్నర రెట్లు ఇస్తానన్నాడు బాబూ. అప్పుడు అమ్మలేదు. ఇప్పుడు ఏడిస్తే వస్తుందా? మీరు ఇవ్వగలిగింది ఇవ్వండి, నేను వెళ్లగలిగినప్పుడు వెళ్తాను" అంది నర్సమ్మ. ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు అన్న పెద్దలు, ఇల్లు అమ్మి చూడు అనడం మర్చిపోయారని కూడా అంది.

గురువారం రిజిస్ట్రేషన్ పెట్టుకున్నారు. మంగళవారం మంత్రిగారి దగ్గరికి ఇళ్ల యజమానుల సంఘం వచ్చింది. సంఘం అధ్యక్షుణ్ణి అందరూ ఐదంతస్తులాయన అంటారు. ఆయన చేతులు జోడించాడు.

"సార్, నిన్న మా వీధిలో ఒకడు సగం ధరకి అమ్మేశాడు. వాడు అమ్మింది వాడి ఇల్లు కాదు సార్, మా పరువు."

మంత్రిగారు చలించిపోయారు. అక్కడికక్కడే కామాగారిని పిలిచి ఉత్తర్వు రాయించారు. ఇకపై ఏ ఇంటినైనా రెండేళ్ల కిందటి ధరకు పైసా తగ్గించి అమ్మితే రిజిస్టరు చేయరాదు. ఆ ధరకు 'గౌరవ ధర' అని పేరు కూడా మంత్రిగారే పెట్టారు.

కామాగారి కలం ఒక్క క్షణం ఆగింది. గౌరవ ధర అంటే తనకు నర్సమ్మ ఇల్లు చేజారినట్టే.

"ఏమయ్యా, ఆగావ్?"

"కామా సార్. ఎక్కడ పెట్టాలా అని."

మధ్యాహ్నం అద్దెదారుల సంఘం వచ్చింది. వాళ్ల గోడు విని మంత్రిగారు మరింత చలించారు. ఎవరూ తమ కుటుంబం నాలుగేళ్ల ఆదాయానికి మించి పెట్టి ఇల్లు కొనరాదని ఇంకో ఉత్తర్వు రాయించారు. దాని పేరు 'అందుబాటు ధర'.

కామాగారు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టి చూశాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి నోరు విప్పాడు.

"సార్, ఈ రెండూ ఒకేసారి అమలైతే..."

"ఏమవుతుంది?"

"ఎవరూ అమ్మలేరు, ఎవరూ కొనలేరు సార్."

మంత్రిగారు కుర్చీలో వెనక్కి వాలి ఆలోచించారు. ఆయన ముఖం వికసించింది. "అంటే ధరలు పడే ప్రమాదమూ లేదు, పెరిగే ప్రమాదమూ లేదు. భేష్. ఆ ముక్క కూడా ప్రకటనలో చేర్చు."

పాము చావలేదు, కర్రా విరగలేదు. పాముకీ కర్రకీ కూడా మంత్రిగారి మీద గౌరవం పెరిగింది.

ఇంటికి వెళ్లి టీచరమ్మకు విషయం చెప్పాడు. ఆమె, "మీ చేత్తో మీరే రాశారా?" అంది.

"అక్షరాలు నావి. అర్థం మంత్రిగారిది."

"గాలి మాత్రం మనకి లేకుండా పోయింది" అని ఆమె లోపలికి వెళ్లిపోయింది.

అయినా గురువారం ముగ్గురూ రిజిస్ట్రారు ఆఫీసుకు వెళ్లారు. నర్సమ్మ సామాను కట్టేసుకుంది. చెల్లెలికి చెప్పేసింది. రిజిస్ట్రారు తలమీద ఫ్యాను తిరుగుతోంది గానీ గాలి మాత్రం తన దగ్గరే ఉంచుకుంటోంది.

"ఎంతకి అమ్ముతున్నారు?" అన్నాడు రిజిస్ట్రారు.

నర్సమ్మ చెప్పింది.

"కుదరదు. గౌరవానికి తక్కువ."

"పోనీ, రెండేళ్ల కిందటి ధరే రాసుకోండి" అన్నాడు కామాగారు.

"కుదరదు. మీ అందుబాటుకి ఎక్కువ."

"మధ్యలో ఏదైనా రాస్తే?"

"మధ్యలో అయితే రెండు నేరాలు."

టీచరమ్మ ముందుకు వంగింది. "ఈ రెండు ఉత్తర్వులకీ సరిపోయే అంకె అసలు ఉందా అండీ?"

"లెక్కల టీచరు మీరు. మీరే చెప్పాలి."

"సున్నా వేస్తే?"

"సున్నా వేస్తే అది అమ్మకం కాదు కదమ్మా, దానం. దానపత్రంలో ధర గడి ఖాళీగా వదిలేస్తాం. దానికి ఏ ఉత్తర్వూ లేదు" అని రిజిస్ట్రారు మామూలుగా అనేసి, కళ్లజోడు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. చాలాసేపు తుడిచాడు.

"దానమా! నేనేం మహారాణినా?" అంది నర్సమ్మ.

టీచరమ్మ ఆమె చెయ్యి పట్టుకుంది. "అక్కా, మీ గదిలో ఇనప బీరువా ఉంది కదా. అది మాకు అమ్మండి."

"అదా? తుప్పు పట్టి ఒక తలుపు పడదు కదే."

"మాకు చాలా నచ్చింది. మీరు చెప్పిన ధరకే తీసుకుంటాం. ఇంటికి చెప్పిన ధరకి."

నర్సమ్మకు అర్థం కావడానికి అరనిమిషం పట్టింది. తరువాత నవ్వు ఆపుకోవడానికి ఆమెకు దగ్గు అవసరమైంది. బీరువాలకు గౌరవ ధర లేదు. అందుబాటు ధర అంతకన్నా లేదు. రిజిస్ట్రారు కళ్లజోడు పెట్టుకుని, దానపత్రం మీద ముద్ర కొట్టి, "ఇంత మంచి మనుషులు ఇంకా ఉన్నారు" అన్నాడు. ఆయన ముఖంలో ఏ భావమూ లేదు.

వెళ్లే రోజున నర్సమ్మ ఖాళీ గదులన్నీ ఒకసారి తిరిగింది. చివరికి వంటింట్లో ఆగి, "ఈ కిటికీ గొళ్లెం కొంచెం పైకెత్తి వేయాలమ్మా, లేకపోతే గాలికి కొట్టుకుంటుంది" అని చూపించింది. ఆటో మలుపు తిరిగేదాకా తల బయటపెట్టి చూస్తూనే ఉంది. ఆ సాయంత్రం కామాగారు ఒట్టి నేల మీద వెల్లకిలా పడుకున్నాడు. చెమట ఆరింది. మళ్లీ పట్టలేదు. ఆయనకు ఏడుపొచ్చింది. భార్య చూడకుండా అటు తిరిగాడు. ఆమె అప్పటికే ఇటు తిరిగి కళ్లు తుడుచుకుంటోంది.

మంచి పని దాగదు. నెల తిరిగేసరికి ఊళ్లో పత్రికలు ఇలాంటి ప్రకటనలతో నిండిపోయాయి: 'పడక కుర్చీ అమ్మబడును. మూడు పడకగదులు, సముద్రం కనపడును.' 'స్టూలు ఒకటి. లిఫ్టు కలదు.' ఫర్నిచర్ షాపు ఆయన అయోమయంలో పడ్డాడు. కొత్త టేబులు చూపిస్తే, "దీనితో ఏ వీధి వస్తుంది?" అని అడుగుతున్నారట. నిజంగా మంచం కావలసి మంచం కొనుక్కున్న ఒక అమాయకుణ్ణి ఇరుగుపొరుగు వాళ్లు వారం రోజులు అభినందించారు.

మూడో నెల చివర ఈ సంగతి మంత్రిగారి చెవిన పడింది. కామాగారికి పిలుపొచ్చింది. ఉద్యోగం పోయిందనే అనుకుని, భార్యకు ఫోన్ చేసి, "ఆలస్యమైతే తినేసెయ్" అని చెప్పి లోపలికి వెళ్లాడు.

మంత్రిగారు లేచి నిలబడి ఉన్నారు. కళ్లలో నీళ్లు.

"ఆరువందల పదకొండు ఇళ్లు దానం చేశారయ్యా మన ప్రజలు! మూడు నెలల్లో! ఇంతటి దాతల మధ్య బతుకుతూ మనం గుర్తించలేదు. రాసుకో. ఇళ్ల ధర సున్నా అయింది. ఇంతకన్నా అందుబాటు ఎక్కడైనా ఉందా? అలాగే, గౌరవ ధరకి తక్కువగా ఒక్క ఇల్లు కూడా అమ్ముడుపోలేదు. ఇంతకన్నా గౌరవం ఎక్కడైనా ఉందా?"

రెండు సంఘాలూ ఒకే వేదిక మీద ఆయనకు చప్పట్లు కొట్టాయి. ఐదంతస్తులాయన అద్దెదారుల నాయకుణ్ణి కౌగిలించుకుని, ఒక టీపాయ్ ఉంది చూస్తావా అని చెవిలో అడిగాడు.

ఆ సభలోనే మంత్రిగారు గంభీరంగా ఒక మాట అన్నారు. "ప్రజలు దానం చేస్తుంటే నేను చూస్తూ ఊరుకోలేను. సముద్రతీరంలో ఉన్న నా బంగళాను ప్రభుత్వానికి దానం చేస్తున్నాను."

సభ లేచి నిలబడింది. కామాగారూ నిలబడ్డాడు. ఆ బంగళా ప్రహరీ గోడను సముద్రం ఇప్పటికే సగం తినేసిందనీ, రెండేళ్లుగా దాన్ని కొనేవాడు లేడనీ ఆయనకు తెలుసు. అయినా దానం దానమే. ఈ మనిషి గురించి ఇన్నాళ్లూ తప్పుగా అనుకున్నానేమో అని మనసు కుంగి, ఆఫీసుకు వచ్చి, ప్రాణం పెట్టి ప్రకటన రాశాడు. జీవితంలో మొదటిసారి చివర ఫుల్‌స్టాప్ పెట్టాడు.

సంతకానికి తీసుకువెళ్లేసరికి మంత్రిగారి బల్ల మీద ఇంకో ఫైలు తెరిచి ఉంది. కొనుగోళ్ల విభాగం నుంచి వచ్చింది. 'ప్రభుత్వ అవసరాల నిమిత్తం మంత్రివర్యుల నివాసం నుంచి పాత కుర్చీ ఒకటి కొనుగోలు.' పక్కన అంకె ఉంది. అది గడిలో పట్టక కింది వరుసలోకి దిగింది. రెండేళ్ల కిందటి బంగళా గౌరవ ధర. పైసా తగ్గలేదు.

కామాగారు తన ప్రకటనను ఆ ఫైలు పక్కన పెట్టాడు.

"రిజిస్ట్రారు చెప్పాడు, ఈ పద్ధతికి ఆద్యుడివి నువ్వేనట కదా" అన్నారు మంత్రిగారు, ఆప్యాయంగా. "బీరువా ఎలా ఉంది?"

"ఒక తలుపు పడదు సార్" అన్నాడు కామాగారు నీరసంగా. ఆయనకు వంటింటి కిటికీ గుర్తొచ్చింది. నోరు విప్పితే ఏం పోతుందో కూడా గుర్తొచ్చింది.

"ఈ మేజా బల్లల వ్యాపారం రేపటి నుంచి నిషేధించాలయ్యా. ఉత్తర్వు రాయి. మరీ విచ్చలవిడిగా ఉంది."

"రేపటి నుంచా సార్?"

"నా ఫైలు ఇవాళ కదలనీ."

టీచరమ్మ బడిలోనే చేసే డ్రిల్లు మాస్టారు వచ్చేవారం ఒక అలమర కొనుక్కుందామని పదేళ్ల పొదుపు బ్యాంకు నుంచి తీసి ఉంచాడు. ఆ విషయం తెలిసిన చెయ్యే ఆ ఉత్తర్వు రాసింది. రాత చక్కగా వచ్చింది.

మర్నాడు పత్రికలన్నీ దానం గురించి రాశాయి. ఒక పత్రిక లోపలి సంగతి సగం తెలుసుకుని, 'ప్రజల కోసం కుర్చీ వదులుకున్న మంత్రి' అని పెద్ద అక్షరాల్లో వేసింది. ఊరూరా జనం ఆ త్యాగానికి కదిలిపోయారు. ప్రభుత్వ ఆస్తి అయింది కనక బంగళా ముందు సముద్రానికి అడ్డంగా రాతిగోడ మంజూరైంది. అంత మంచి భవనం ఖాళీగా ఉండకూడదని దాన్ని గృహనిర్మాణ మంత్రిగారి అధికార నివాసంగా కేటాయించారు.

శుక్రవారం కామాగారు ఏవో కాగితాలు పట్టుకుని ఆ బంగళాకు వెళ్లాడు. వరండాలో మంత్రిగారు సముద్రం వైపు తిరిగి కూర్చుని ఉన్నారు. అప్పుడే స్టోర్స్ గుమాస్తా నుంచి కామాగారికి ఫోన్ వచ్చింది.

"సార్" అని కామాగారు ఫోన్ చేతిలో పట్టుకుని మెల్లగా అన్నాడు, "ప్రభుత్వం కొన్న కుర్చీ ఇంకా స్టోర్స్‌కి చేరలేదట. ఎప్పుడొస్తుందని అడుగుతున్నాడు."

మంత్రిగారు వెనక్కి తిరగలేదు.

"కూర్చున్నాను కదయ్యా. ఆగమను."