ఉద్యోగం లేని అక్క, ఉపాధి దొరికిన మేము

మొన్న గురువారం పొద్దున మా ఇంట్లో ఎవరెవరు ఉన్నారో ముందే చెప్పేస్తాను. మా బాపమ్మ, అంటే నాన్న తల్లి, దుర్గవ్వ. కోహెడ నుంచి మొదటి బస్సుకే దిగిన సుధాకర్ మామ. పక్కింటి కొండవ్వ పెద్దమ్మ. పొయ్యి దగ్గర అమ్మ. లోపలి గదిలో, అడిగి తెచ్చుకున్న లాప్‌టాప్ ముందు మా అక్క ప్రవీణ. ఆ గది గడప దగ్గర నిండు బిందెతో నేను. కల్లు గీయడానికి పోయిన నాన్న, మా బాపు, ఒక్కడే లేడు.

ఇంతమందిలో ఉద్యోగం లేనిది అక్క ఒక్కదానికే. మిగతా మా అందరికీ ఉంది. మా ఉద్యోగం ఏమిటంటారా? అక్కకు ఉద్యోగం లేకపోవడమే!

నవ్వకండి. నేను సీరియస్‌గానే చెబుతున్నాను. నిరుద్యోగం పెరిగిపోతోందని టీవీల్లో గొంతు చించుకునేవాళ్లు ఒకసారి చిన్నకోడూరు దాటి మా ఊరికి వచ్చి మా అక్కను చూడాలి. డిగ్రీ పాసై ఇంట్లో ఉన్న ఒక్క అమ్మాయి ఎంతమందికి పని కల్పిస్తుందో తెలిస్తే కంపెనీలన్నీ సిగ్గుతో షట్టర్లు దించుకుంటాయి.

నేను నిష్పక్షపాతంగా రాస్తున్నానని మాత్రం అనుకోవద్దు. ఇందులో నా స్వార్థమూ ఉంది. నాకు ఈ ఏడు సిద్దిపేటలో డిగ్రీ సీటు వచ్చింది. శనివారంలోగా పోయి చేరాలి. బాపును అడిగితే ఒకటే మాట.

"చదివిన పెద్దదే ఇంట్ల కూసుంది. దాని నౌకరి సంగతి తేలనియ్. అప్పటిదాక నువ్వు సుత చదివి ఏం జేస్తవ్?"

అంటే గురువారం అక్క ఇంటర్వ్యూ పోయిందంటే శనివారం నా సీటు పోయినట్టే. పాజిటివ్‌గా ఉండటానికి మనిషికి ఇంతకంటే మంచి కారణం కావాలా?

సరే, అక్క కల్పించిన ఉపాధి సంగతికి వద్దాం. సిద్దిపేట బస్టాండు దగ్గర ఒక జిరాక్స్ సెంటర్ ఉంది. అక్క బీకాం పాసైనప్పుడు దాని ఓనరుకు ఒకటే మిషన్. ఇప్పుడు ఇంకొకటి కొన్నాడు. అక్క బస్సు దిగడం చూస్తే చాలు, మిషన్ ఆన్ చేసి పెడతాడు. ఇంటర్‌లో అక్కకు ఎన్ని మార్కులు వచ్చాయో మా బాపుకు తెలియదు, ఆయనకు నోటికి వచ్చు! ఆ పక్కనే ఫోటో స్టూడియో. ఇంటర్వ్యూ ఇంటర్వ్యూకూ అక్క మొహం వాడిపోతుంటే, వాడిన మొహాన్ని కంప్యూటర్లో నిగనిగలాడించడానికి స్టూడియో ఆయన ఒక అబ్బాయిని పెట్టుకున్నాడు. ఆ అబ్బాయీ డిగ్రీయే. చూశారా! ఒక నిరుద్యోగి ఇంకో నిరుద్యోగిని ఎలా నిలబెట్టిందో!

ఇక కోచింగ్ సెంటర్లు. కుర్చీలో ఎలా కూర్చోవాలో నేర్పడానికి ఒక సార్. నవ్వితే పళ్లు ఎంతవరకు కనబడాలో నేర్పడానికి ఒక మేడమ్. పుట్టినప్పటి నుంచి కూర్చుంటూనే ఉన్నాం, నవ్వుతూనే ఉన్నాం. అంతా తప్పేనట! పాపం, అక్కకు మొదటి ఇంటర్వ్యూలోనే ఉద్యోగం వచ్చి ఉంటే ఆ సారూ మేడమూ ఏమైపోయేవారు? వాళ్లూ వేరే ఆఫీసుల బయట కుర్చీల్లో కూర్చుని ఉండేవారు. సరిగ్గా కూర్చునేవారు, అది వేరే సంగతి.

ఊళ్లో అయితే మా అక్కే ఒక ఆఫీసు. పింఛను పడిందా చూడాలన్నా, గ్యాస్ బండ బుక్ చేయాలన్నా, కరెంటు బిల్లు ఎందుకు ఎక్కువ వచ్చిందో ఎవరినైనా తిట్టాలన్నా అందరూ మా వాకిట్లోకే వస్తారు. అందరి మాటా ఒకేలా మొదలవుతుంది. "ఖాళీగనే ఉన్నవు గద బిడ్డా, జర చూడు." పత్తి ఏరే రోజుల్లో అమ్మకు తోడు అక్క. బాపమ్మ సూదిలో దారం ఎక్కించేది అక్క. చుట్టాలు వస్తే చాయ్ అక్క, పోతే బస్సు దాకా అక్క. ఉద్యోగం ఉన్నవాళ్లకు ఆదివారం అని ఒకటి ఉంటుందని విన్నాను. ఖాళీగా ఉన్నవాళ్లకు అదేదీ ఉండదు.

కానీ అందరిలోకీ పెద్ద పోస్టు సుధాకర్ మామది. మామ అమ్మకు తమ్ముడు. సిద్దిపేట చుట్టుపక్కల ప్లాట్లు అమ్మిపెడతాడు. ఈమధ్య ప్లాట్లు ఎవరూ కొనడం లేదు గనుక, అక్కను పాజిటివ్‌గా ఉంచే పనిని నెత్తికెత్తుకున్నాడు. మా ఊళ్లో సూర్యుడు పొడవకముందే మామ వాట్సాప్‌లో పొడుస్తాడు. రెండు కొండలు, మధ్యలో సూర్యుడు, కింద గులాబీ రంగులో ఒక మంచి మాట. అక్క ఫోన్ నిండిపోయి, కంపెనీలు పంపే మెసేజీలు రావడానికి జాగ లేకుండా పోయిందంటే మామ సేవ ఎంతటిదో మీరే ఊహించుకోండి.

"రిజెక్ట్ చేసిన్రని రంది పెట్టుకోవద్దు బిడ్డా. పాజిటివ్‌గ ఉండాలె" అన్నాడు ఒకసారి.

"రిజెక్ట్ సుత చేస్తలేరు మామా. జవాబే ఇస్తలేరు" అంది అక్క.

"గదీ! పాజిటివ్‌గ చూడు. వద్దని అనలే గద!"

మామ దగ్గర ఇంకో మందు కూడా ఉంది. క్రియేటివిటీ. కంపెనీలన్నీ ఎక్స్‌పీరియన్స్ అడుగుతున్నాయి. పని ఇస్తేనే కదా ఎక్స్‌పీరియన్స్ వచ్చేది! కానీ అలా ఆలోచించడం నెగెటివ్ అట. మామ దగ్గరుండి అక్క రెజ్యూమె రాయించాడు. కొండవ్వ పెద్దమ్మకూ కోడలికీ కొట్లాట అయితే అక్క మధ్యలో నిలబడింది కాబట్టి 'కస్టమర్ రిలేషన్స్'. చిన్నాయన కొడుకు పెళ్లిలో బంతి బంతికీ పప్పు వడ్డించింది కాబట్టి 'ఈవెంట్ మేనేజ్‌మెంట్'. తప్పిపోయిన మేకను వెతికి తెచ్చింది కాబట్టి 'డేటా రికవరీ'! అది చదివాక నాకు అక్కంటే భయం వేసింది. ఇంత పెద్ద మనిషి చేత మేము గిన్నెలు తోమిస్తున్నామా అని.

ఈ మహా ఉపాధి పథకంలో నాకూ ఒక పోస్టు దొరికిందని చెప్పడానికి గర్వపడుతున్నాను. ఎదురు రావడం! అక్క ఇంటర్వ్యూకు బయలుదేరే ప్రతిసారీ నేను నిండు బిందెతో వీధిలో నుంచి వాకిట్లోకి ఎదురు రావాలి. శుభమట. నలుగురిలో పేరు చెప్పమంటేనే చెమటలు పట్టే నేను, వాడకట్టంతా చూస్తుండగా ఊరేగింపులా నడవాలి. పైగా ఇంటర్వ్యూ పోతే విచారణ నా మీదే.

"ఎడమ కాలు ముందటేసింది. నేను చూడలేదా?" అంటుంది బాపమ్మ.

"నీళ్లు సుత తొణికినయ్" అంటుంది కొండవ్వ పెద్దమ్మ.

"మొహంల పాజిటివ్ లేదు" అంటాడు మామ.

కంపెనీలో లోపం లేదు, చదువులో లోపం లేదు, దేశంలో లోపం లేదు. లోపమంతా నా నడకలో ఉంది! నేనొక్కదాన్ని సరిగ్గా నడిస్తే సిద్దిపేట జిల్లాలో నిరుద్యోగమే ఉండదు.

అయితే మొన్న గురువారం ఒక చిక్కు వచ్చి పడింది. ఇంటర్వ్యూ ఆన్‌లైన్లో. హైదరాబాద్ కంపెనీ. ఇంట్లో కూర్చునే ఫోన్లో కస్టమర్ల తిట్లు వినే ఉద్యోగం. తీసుకునేదీ లేనిదీ ఆ కాల్‌లోనే చెప్పేస్తారట. అక్క పొద్దున్నే తల స్నానం చేసి, లోపలి గదిలో బియ్యం బస్తాలు ఒక పక్కకు జరిపి, గోడకు దుప్పటి కట్టి కూర్చుంది. తలుపు వేసుకుంటానంటే బాపమ్మ ఒప్పుకోలేదు.

"పొద్దుగాల్నే తలుపేసుకుంటరానే? లక్ష్మి ఎట్లొస్తది?"

అక్క ఎప్పటిలాగే ఏమీ అనలేదు. ఇయర్‌ఫోన్స్ పనిచేయడం లేదు. వాటినీ ఏమీ అనలేదు.

బాపమ్మకు అసలు అనుమానం అప్పుడు వచ్చింది. "ఇల్లు కదిలేదే లేకపాయె. మరి ఎదురెట్ల వస్తరు?"

చిన్న సమస్యా ఇది? లాప్‌టాప్‌కు ఎదురు వెళ్లడం ఎలాగో ఏ పంచాంగంలోనూ రాసి లేదు.

"దర్వాజ కాడ నిలవెడితె సాలదా?" అంది కొండవ్వ పెద్దమ్మ.

"దర్వాజ దాటుతుందా అది? డబ్బాల నుంచి పోతుంది గద" అంది బాపమ్మ.

పొయ్యి దగ్గర నుంచి అమ్మ అంది, "దాన్ని జరంత సేపు ఇడిసిపెట్టున్రి." ఎవరూ వినలేదు. అమ్మకు మా ఇంట్లో ఏ పోస్టూ లేదు, పని తప్ప.

మామ చెయ్యి పైకెత్తాడు. "ఆగున్రి. క్రియేటివ్‌గ ఆలోచిద్దాం. లాప్‌టాప్ వెనకకెళ్లి వస్తె ఎవలికి ఎదురు? ప్రవీణకు. ప్రవీణ వెనకకెళ్లి వస్తె ఎవలికి ఎదురు? కంపెనీకి! మరి నౌకరి ఇచ్చేది ఎవలు?"

"కంపెనీ!" అన్నారు బాపమ్మా పెద్దమ్మా, బడి పిల్లల్లాగా.

నేను వద్దని తల ఊపాను. మా ఇంట్లో నేను తల ఎటు ఊపినా అవుననే లెక్క.

లోపల ఇంటర్వ్యూ మొదలైంది. లాప్‌టాప్‌లో నుంచి ఒక మేడమ్ గొంతు. అక్క జవాబులు చెబుతోంది. తడబడటం లేదు. తెలియనిది తెలియదంటోంది, తెలిసింది వివరంగా చెబుతోంది. ఒకసారి మేడమ్‌ను నవ్వించింది కూడా! మా అక్క ఇంత బాగా మాట్లాడుతుందని నాకు అప్పటిదాకా తెలియదు. ఎలా తెలుస్తుంది? మా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు ఆమెకు చెబుతుంటారు, ఆమె వింటుంటుంది.

"చివరి ప్రశ్న ప్రవీణా" అంది మేడమ్. "ఇది ఇంటి నుంచి చేసే పని. కాల్స్ వచ్చేటప్పుడు వెనక చప్పుడు ఉండకూడదు. మీకు ఎవరూ రాని గది ఉందా?"

"ఉంది మేడమ్. నేను తప్ప ఎవరూ రారు."

బాపమ్మ నా వీపు మీద చెయ్యి వేసి తోసింది. "కుడి కాలు!"

వెళ్లాను. కుడి కాలే. నిండు బిందె. ఒక్క చుక్క తొణకలేదు. నా జీవితంలో అంత చక్కగా ఎప్పుడూ నడవలేదు. స్క్రీన్ మీద అక్క భుజం వెనకాల బిందె పట్టుకున్న ఒక పిల్ల కనబడింది. అది నేనే.

"నవ్వు! నవ్వుకుంట పో!" బాపమ్మ.

"పాజిటివ్! పాజిటివ్!" మామ.

"మేడమా ఆమె? ఖాళీగనే ఉంటె నా పింఛను సంగతి జర అడుగు బిడ్డా!" కొండవ్వ పెద్దమ్మ, నన్ను తోసుకుంటూ.

మేడమ్ అంతా చూసింది. తర్వాత మెల్లగా అడిగింది. "ఎవరూ రారన్నారు కదా?"

అక్క వెనక్కి తిరగలేదు. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి.

"ఇన్ని రోజులు వచ్చారు మేడమ్. ఇక రానివ్వను. రెండు నిమిషాలు టైం ఇవ్వండి. మళ్లీ అదే ప్రశ్న అడగండి."

"సరే. రెండు నిమిషాలు."

పాఠకులారా, ఉద్యోగం వెతుక్కునే మనిషి పాజిటివ్‌గా, క్రియేటివ్‌గా ఉండాలంటే ఏం కావాలని మీరెవరైనా నన్ను అడిగితే ఇప్పుడు చెప్పగలను. పాజిటివ్‌గా ఉండమని చెప్పేవాళ్లు ఆ గదిలో లేకపోతే చాలు! ఇంకో సంగతి కూడా నాకు అప్పుడే తట్టింది. అక్కకు ఉద్యోగం వస్తే మామ పొద్దున్నే ఎవరికి సూర్యుణ్ని పంపాలి? పెద్దమ్మ ఎవరి దగ్గరికి రావాలి? బాపమ్మ ఎవరి శకునం చూడాలి? అందరం ఒక్క రోజులో రోడ్డున పడతాం. పనిలోంచి తీసేస్తారన్న భయం ఉన్నవాళ్లెవరైనా యజమానిని అంత తేలిగ్గా వదులుతారా?

అక్క లేచింది. "మామా, బయిటికి నడువు."

"కోపం వద్దు బిడ్డా. గిసొంటప్పుడే పాజిటివ్‌గ..."

"బయిట కూసోని ఉండు, ఎంత పాజిటివ్‌గ ఉంటవో."

మామ బయటికి నడిచాడు. పెద్దమ్మ చెప్పకుండానే వెళ్లిపోయింది. బాపమ్మ గడప మీద ఆగింది. "తలుపు పెడ్తవానే? మరి లక్ష్మి..."

"కిటికి తెరిచే ఉంది బాపమ్మా. వస్తె గట్లనే వస్తది."

గదిలో నేనొక్కదాన్నే మిగిలాను. చేతుల్లో బిందె. ఎవరూ అడగకుండా మా ఇంట్లో నేను మాట్లాడటం అదే మొదటిసారేమో.

"అక్కా... శనివారం..."

అక్క నా భుజాలు పట్టుకొని గుమ్మం వైపు తిప్పింది. "నాకు తెల్వదా? గందుకే చెప్తున్న. నువ్వు సుత నడువు."

గడప దాటి నేను వెనక్కి తిరిగేలోపు తలుపు మూసి, లోపల గడియ పెట్టుకుంది.