ముందు తాడుకెక్కిన కథ

ఆ గురువారం గడియారాలాయన పెట్టుకున్న పని ఒక్కటే. బ్యాంకువాళ్ళ గోడగడియారాన్ని మధ్యాహ్నంలోగా నడిపించి ఇచ్చేయాలి. కొట్టు తాళం తీస్తూ అలవాటుగా ఎదురుకొట్టు వైపు చూశాడు. అది పత్రికల కొట్టు. గుమ్మానికి అడ్డంగా ఒకదాని వెనక ఒకటి మూడు తాళ్ళు కట్టి, వాటికి క్లిప్పులతో పత్రికలు వేలాడదీస్తారు. ముందు తాడు మీద కొత్త వారపత్రిక ఊగుతోంది. దాని అట్ట మీద ఎర్రటి అక్షరాలు: ‘మా ఇంటి పరీక్షాధికారి – హాస్యకథ’. ఆ కథ రాసింది ఆయనే.

రాసి ఎనిమిది నెలలైంది. భార్య మీద అలిగిన ఒక మధ్యాహ్నం ఉక్రోషంతో రాసి పోస్టు చేశాడు. జవాబు రాకపోయేసరికి చెత్తబుట్ట పాలైందనుకుని మరిచిపోయాడు. భార్య ఇరవై ఏడేళ్ళు బడిలో పాఠాలు చెప్పిన టీచరమ్మ. బడి మానేసింది కాని ఎర్ర కలం మానలేదు. శుభలేఖ వచ్చినా దిద్దుతుంది, మందుచీటీ వచ్చినా దిద్దుతుంది. మొగుడు గడ్డం గీసుకొస్తే తేరిపార చూసి మార్కులు వేస్తుంది. ఇదంతా కథలో ఉంది. పైన ఆయన సొంత పేరూ ఉంది.

ఒకసారి చుట్టాల ముందు ఆమె మీద చిన్న జోకు వేసిన పాపానికి ఇంట్లో పదకొండు రోజులు మాటల్లేవు. ఏం చెప్పాలన్నా ఎర్రసిరా చీటీలే. ఒక్క జోకుకే పదకొండు రోజులైతే నాలుగు పేజీల కథకు ఎన్నాళ్ళో వేళ్ళ మీద లెక్కపెట్టబోయి మధ్యలోనే మానేశాడు. సాయంత్రం ఐదింటికి ఆమె కూరలకు ఆ దారినే వెళ్తుంది. అంటే ఇంకా ఎనిమిది గంటల టైముంది. వెంట్రుకంత స్ప్రింగును వేలికొసతో లొంగదీసే మనిషికి ఇదో లెక్కా అనుకుని ధీమాగా రోడ్డు దాటాడు.

పత్రిక తిరగేస్తున్నట్టు నటిస్తూ, ఉన్న ప్రతులన్నీ తీసి మూడో తాడు మీద పశుపోషణ మాసపత్రిక వెనక దాచాడు. ఆయన తన కుర్చీ చేరేలోగానే కొట్టాయన వాటిని మళ్ళీ ముందుకు తెచ్చి తగిలించాడు.

“ముందు తాడు మీదుంటేనే అది పత్రిక బావగారూ. వెనక తాడు మీదుంటే గోడకి బట్ట కప్పినట్టే” అని రోడ్డు ఇవతలికి వినిపించేలా చెప్పాడు.

లాభం లేదని గడియారాలాయన వెళ్ళి మొత్తం పదీ కొనేశాడు. చుట్టాలకి పంచాలన్నాడు. కొట్టాయన వెంటనే ఏజెంటుకి ఫోన్ చేసి, పావుగంటలో పది కాపీలు ఎగిరిపోయాయని చెప్పాడు. ఏజెంటు ముప్ఫై కాపీల కట్ట సైకిల్ మీద పంపాడు. గడియారాల కింద పరచడానికి కావాలని అవీ కొనేశాడు గడియారాలాయన. తన జన్మలో ఇలాంటి గిరాకీ చూడని ఏజెంటు బస్టాండులో, స్టేషన్లో, ఆసుపత్రి దగ్గర ఉన్న కొట్లన్నిట్లోంచీ మిగిలిన కాపీలు ఊడ్చుకుని తానే ఆటోలో దిగాడు. మూడు తాళ్ళనూ ఖాళీ చేయించి, చాకిరేవులో చీరలు ఆరేసినట్టు ఆ ఒక్క పత్రికే బారుగా కట్టించాడు. ఊరంతా చెల్లాచెదురుగా ఉన్న కథను గడియారాలాయన తన గుమ్మం ముందుకే రప్పించుకున్నట్టయింది.

జనం ఆగి చూడసాగారు. ఒకావిడ చెయ్యి చాపింది. ఆమెకంటే ముందు గడియారాలాయన చెయ్యి పత్రికను అందుకుంది.

“ఒక్కటన్నా ఉంచరా? అంతగా ఏముంది అందులో?”

“ఏమీ లేదమ్మా. శుద్ధ దండగ.”

“దండగైతే మీరెందుకు కొంటున్నారు?”

“నేను దండగ మనిషినమ్మా.”

కొట్టులో అడుగు పెట్టే చోటు లేకుండా కట్టలు పేరుస్తుంటే పోస్ట్‌మాన్ వచ్చాడు. పత్రికాఫీసు నుంచి రచయితకు వచ్చిన ఉచిత ప్రతి, పైన ఇంటి చిరునామా; మనిషి దారిలోనే కనబడ్డాడని కొట్టులోనే ఇవ్వబోయాడు. ఆ పేరుగలవారు ఆ చిరునామాలో లేరని రాసి తిప్పి పంపేయమన్నాడు గడియారాలాయన.

“ఇరవయ్యేళ్ళుగా మీ ఇంటికి ఉత్తరాలిస్తున్నా కదండీ?”

“నిన్నటిదాకా ఉన్నానయ్యా. ఇవాళ లేను.”

ఐదింటికి టీచరమ్మ సంచితో వచ్చేసరికి కట్టలన్నీ దుప్పట్ల కింద దాగాయి. ఖాళీ తాళ్ళు చూసి ఎదురుకొట్టు బోసిపోయిందేమని అడిగింది. జనానికి చదివే అలవాటు పెరిగిందన్నాడు. మంచిదే అని ఆమె కూరలకు వెళ్ళింది. ఆగిన బ్యాంకు గడియారం కింద కూర్చుని ఆయన తన భుజాలు తానే చరుచుకున్నాడు. మర్నాడు ప్రతి ప్రతిలోనూ పేరున్న పేజీలు, అట్టలు చించి కొట్టు వెనక పెరట్లో కాల్చేశాడు. మిగిలింది పాతకాగితాలవాడికి తూకానికి వేశాడు. ఇక బ్రహ్మదేవుడు దిగొచ్చినా పట్టుకోలేడు.

బ్రహ్మదేవుడి అవసరం లేకపోయింది. పాతకాగితాలవాడు వాటిని కిరాణా కొట్టుకు అమ్మాడు. ఒకటో తారీకున సరుకులొచ్చాయి. పొట్లం విప్పిన కాగితాన్ని చదవకుండా పారేయడం టీచరమ్మకు చేతకాదని ఆయనకు ముప్ఫై ఏళ్ళుగా తెలుసు, ఆ ఒక్కరోజే గుర్తు రాలేదు. ఏజెంటు చేర్చలేని ఇంటికి జీలకర్ర పొట్లం చేర్చింది. మిరియాల పొట్లం తరువాయి తెచ్చింది. చివరి పేజీ ధనియాలతో వచ్చింది.

ఆయన ఇల్లు చేరేసరికి ఆమె కాగితాలన్నీ బల్ల మీద చదును చేసి, వరుసలో పెట్టుకుని చదువుతోంది. చేతిలో ఎర్ర కలం ఉంది. కాని భుజాలు కదులుతున్నాయి. గడియారాలాయన గుమ్మంలోనే నిలబడిపోయాడు. కాసేపటికి అర్థమైంది, ఆమె నవ్వుతోంది. కళ్ళజోడు తీసి కొంగుతో కళ్ళొత్తుకుంది.

“ఎవరో గానీ, ఎంత చక్కగా రాశాడండీ. ఆ భార్య అచ్చం నాలాగే పద్ధతైన మనిషి. పెళ్ళాన్ని ఇంత శ్రద్ధగా గమనించే మొగుడు కూడా ఉంటాడన్నమాట. మీరూ ఉన్నారు. కళ్ళు మూసుకుని నా కళ్ళజోడు ఏ రంగో చెప్పండి చూద్దాం.”

చివరి పేజీ కింద పదికి ఆరు వేసి ఉంది. ఆ ఇంట్లో అంతకుముందెన్నడూ ఎవరికీ ఐదు దాటలేదు. ఆయన గుండె ఉప్పొంగిపోయింది.

“ఏమోయ్, అది రాసింది నేనే” అన్నాడు.

ఆమె కళ్ళజోడు పెట్టుకుని నిదానంగా చూసింది.

“రుజువు?”

పేరున్న పేజీ ఒక్కటీ ఊళ్ళో లేదు. పెరట్లో బూడిద ఉంది. టీచరమ్మ ఏ సంగతీ తేల్చకుండా వదిలే మనిషి కాదు. కాగితం అడుగున పత్రిక పేరు చూసి, ఈ కథ మా ఆయన రాసిందేనా అని ఆయన పేరూ ఇంటి చిరునామాతో సహా కార్డు రాసింది. గడియారాలాయన ఆ రోజు నుంచి పోస్ట్‌మాన్ కోసం వీధరుగు మీదే కూర్చున్నాడు.

పన్నెండో రోజు జవాబు వచ్చింది. ఆ కథ తమరు తెలిపిన వారిదేనని, అయితే తాము పంపిన ఉచిత ప్రతి ఆ పేరుగలవారు ఆ చిరునామాలో లేరని తిరిగి వచ్చిందని పత్రికవారు విచారం తెలియజేశారు.

టీచరమ్మ రెండుసార్లు చదివింది. మొగుడి వైపు ఒకసారి చూసింది. ఆ వాక్యం కింద ఎర్రసిరాతో గీత గీసి, పక్కన ‘మనిషి ఉన్నాడు, ధైర్యమే లేదు’ అని రాసి, కథ మీద ఆరు కొట్టేసి ఐదు వేసింది.