గుంట చుట్టూ తిరిగిన పైపు

ఆ ఆదివారం సాయంత్రానికల్లా పని అయిపోతుందని సుబ్రమణ్యం అనుకున్నాడు. నగరిలో అతనికి ఒక ఇల్లు, ఇంటి వెనక పెరట్లో నాలుగు మరమగ్గాల షెడ్డు ఉన్నాయి. ఇంట్లోని మీటరు నుంచి షెడ్డుకు కరెంటు తీగ గాల్లో వేలాడుతూ పోతుంది. గాలివాన వచ్చిన ప్రతిసారీ అది మరో జానెడు కిందికి దిగేది. మొన్న బట్టలు ఆరేస్తుండగా తడిచీర కొంగు దానికి తగిలి భార్య ప్రసూనాంబ చెయ్యి జివ్వుమంది. తీగ భూమిలోకి పోతే తప్ప తాను పెరట్లోకి పోనని ఆమె తేల్చి చెప్పేసింది.

పుత్తూరు నుంచి ఎలక్ట్రీషియన్ పాల్ ముందురోజే వచ్చి గోడ నుంచి గోడకు తిన్నగా టేపు పట్టి కొలిచి, సరిగ్గా అంతే కేబుల్ తెచ్చాడు. రెండడుగుల లోతున కాలువ తవ్వాలి, పైపు పరవాలి, అందులో కేబుల్ లాగి మట్టి కప్పాలి. అంతే పని. మగ్గాల దగ్గర పనిచేసే మురుగేష్ పొద్దున్నే గడ్డపార పట్టుకున్నాడు.

పది గంటలకు గడ్డపార ఒకచోట ఉన్నట్టుండి సగం వరకు దిగబడిపోయింది. అక్కడ మట్టి మెత్తగా, చల్లగా ఉంది. మురుగేష్ చెయ్యి పెట్టి కెలికితే నల్లబడిన చెక్క నాడె ఒకటి బయటపడింది. చేతిమగ్గం మీద పోగును అటూ ఇటూ మోసే నాడె అది. దాన్ని చూసి సుబ్రమణ్యం గట్టు మీదే కూర్చుండిపోయాడు.

అతని తండ్రి మునిరామయ్య కాళ్ళు గుంటలో పెట్టి నేసిన గుంట మగ్గం ఉండిన చోటది. అప్పుడక్కడ పూరిపాక ఉండేది. మరమగ్గాలు తెచ్చిన ఏడు, తండ్రిని ఒక్క మాట అడగకుండా సుబ్రమణ్యం పాక పీకించి గుంట పూడ్పించాడు. ఆ తరువాత బతికిన రెండేళ్ళలో ముసలాయన షెడ్డు గడప తొక్కలేదు. ఎందుకు రావని కొడుకు అడగలేదు. ఆయన చెప్పనూలేదు. ఆయన పోయి మూడేళ్ళయింది.

"పెద్దాయన కాళ్ళు పెట్టిన గుంట అన్నా ఇది. దీంట్లో కరెంటు పారిస్తే బాగుండదు," అన్నాడు మురుగేష్, గడ్డపార పక్కన పెడుతూ.

సుబ్రమణ్యానికీ అదే అనిపించింది. కాలువను గుంట పక్కగా వంచి, చుట్టూ తిప్పి షెడ్డుకు చేర్చారు. పైపుకు రెండు వంపులు, రెండు జాయింట్లు ఎక్కువయ్యాయి. తీరా లాగేసరికి కేబుల్ నాలుగు బారలు చాలలేదు. లోపల అతుకులు పనికిరావు, తిరుపతి నుంచి వేరే కేబుల్ తేవాలి, ఈలోగా ఏర్పేడులో ఒప్పుకున్న పని ఉందని చెప్పి పాల్ లాగిన కేబుల్‌ను వెనక్కి తీసుకుని వెళ్ళిపోయాడు. పాత తీగ వేలాడుతూనే ఉంది. కొత్త పైపు ఖాళీగా భూమిలో ఉండిపోయింది. దాని ఒక నోరు ఇంటి నడిమిగదిలో మీటరు కింద, రెండో నోరు షెడ్డులో స్విచ్ బోర్డు కింద తెరుచుకుని ఉన్నాయి.

సోమవారం పదకొండుకు కరెంటు పోయింది. నాలుగు మగ్గాలూ ఒక్కసారిగా ఆగితే షెడ్డులో పరుచుకునే నిశ్శబ్దం చెవుల్లో గీ అంటుంది. సుబ్రమణ్యం వంగి తెగిన పోగు ముడివేస్తున్నాడు. అప్పుడు నేల దగ్గరి నుంచి ఒక గొంతు వచ్చింది. ఆడగొంతో మగగొంతో తెలియదు. ముసలిది, తడి ఆరినది.

"ఈడ ఒంటిగా ఉండాను. ఎవురూ మాట్లాడరు."

మురుగేష్ చేతిలోని నూలు కండె జారిపోయింది. సుబ్రమణ్యం నేల వైపు వంగి అడిగాడు.

"ఎవురది?"

అదే క్షణంలో నడిమిగదిలోకి మజ్జిగ తెచ్చిన ప్రసూనాంబ గడప దగ్గరే ఆగిపోయింది. మామగారి ఫొటో మీటరు పైనే ఉంది. దాని కిందినుంచి "ఎవురది" అని మామగారి గొంతు వినబడింది. తండ్రీకొడుకుల గొంతు ఒకటేనని ఊరంతా అనే మాట ఆమెకు ఆ నిమిషాన గుర్తురాలేదు. ఆ గదిలో మంచం మీద ఉండేది అత్త తిరుమలమ్మ. చూపు మందగించి, మోకాలు వంగక, రోజంతా ఫొటోతో మాట్లాడుకుంటూ ఉంటుంది. ఆమె ఏమాత్రం బెదరకుండా ఫొటో వైపు తిరిగి జవాబు చెప్పింది.

"నేనే."

షెడ్డులో నేల అడుగునుంచి "నేనే" అని వినబడగానే మురుగేష్ గోడ మీది చొక్కా తీసుకుని బయటికి నడిచాడు.

భార్య భయపడుతుందని సుబ్రమణ్యం ఇంట్లో చెప్పలేదు. తండ్రి విషయంలో అతనికి అసలే మనసు బాగాలేదనుకుని ప్రసూనాంబ తాను విన్నది అతనికి చెప్పలేదు. కానీ రెండు రోజుల్లో ఇద్దరూ ఒక సంగతి గమనించారు. మగ్గాలు ఆడుతున్నంతసేపూ గొంతు రాదు. కరెంటు పోతే వస్తుంది. పైపు ఎక్కడి నుంచి ఎక్కడికి పోతుందో సుబ్రమణ్యానికి తెలియక కాదు. గుంట పక్కన జాయింటు సరిగా అతకలేదని, ఆ సందులోంచే గొంతు పైపులోకి దిగుతోందని అతను నమ్మాడు.

శుక్రవారం ప్రసూనాంబ నిప్పుల మీద సాంబ్రాణి వేసి, గొంతు వచ్చిన చోటే మీటరు కింద పెట్టింది. షెడ్డులో గాలిని బయటికి లాగే ఫ్యాను తిరుగుతోంది. అది ఆ పొగను పైపులోంచి లాక్కుంది. మురుగేష్‌ను ఎలాగో బతిమాలి పనికి పిలుచుకొచ్చాడు సుబ్రమణ్యం. ఇద్దరూ చూస్తుండగానే నేలలోంచి తెల్లటి పొగ సన్నగా లేచి, మగ్గాల కాళ్ళ మధ్య పాకి, పడుగు దారాల కింద నిలబడింది. షెడ్డంతా సాంబ్రాణి వాసన. మునిరామయ్య ప్రతి శుక్రవారం గుంటలోకి దిగేముందు వేసేది అదే.

మురుగేష్ ఈసారి చొక్కా కూడా తీసుకోలేదు.

మరుసటిరోజుకు వీధంతా తెలిసిపోయింది. పెరటి తలుపు దగ్గర జనం నిలబడ్డారు. ముసలాయన మగ్గం అడుగుతున్నాడని కొందరు, దాహం అడుగుతున్నాడని కొందరు చెప్పుకున్నారు. ఎవరో గుంట మీద చెంబుడు నీళ్ళు పోసి దండం పెట్టారు. ఇంకెవరూ పనికి రాలేదు. నాలుగు మగ్గాలూ ఆగిపోయాయి. మగ్గాలు ఆగాయి కాబట్టి గొంతు ఇప్పుడు పొద్దస్తమానం రావడం మొదలుపెట్టింది. దగ్గు, నిట్టూర్పు, అప్పుడప్పుడూ ఒక పేరు.

ఆదివారం పొద్దువాలుతుండగా సుబ్రమణ్యం ఒక్కడే షెడ్డులోకి వెళ్ళాడు. ఆగిన మగ్గాల మీద దుమ్ము చేరింది. పైపు నోటి దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని నాడెను ముందు పెట్టుకున్నాడు.

"నాయనా, నిన్ను అడక్కుండా గుంట పూడ్సినాను. తప్పు నాదే. నువ్వు పోయేదాకా ఆ మాట నోట్లోకి రాలేదు."

ఏడుస్తున్నట్టు లోపల ఒక చప్పుడయింది. తరువాత గొంతు వచ్చింది.

"మీ అమ్మకు మోకాలు నొప్పి. పుత్తూరు తీసకపో."

"పోతాను నాయనా."

"దినానికి ఒక పూటన్నా దాని పక్కన కూసోని తిను."

"తింటాను. ఇంకేమన్నా ఉండాదా?"

గొంతు కాసేపు ఆలోచించింది.

"రసంలో ఉప్పు సాల్లేదు."

సోమవారం తెల్లవారగానే సుబ్రమణ్యం తల్లిని ఆటోలో పుత్తూరు తీసుకుపోయి ఎముకల వైద్యుల దగ్గర మోకాలికి కట్టు కట్టించాడు. మధ్యాహ్నం మంచం పక్కన నేల మీద కూర్చుని తిన్నాడు. రసంలో ఉప్పు చాల్లేదని నాయన అన్నాడని అతను నెమ్మదిగా చెబితే, ప్రసూనాంబ ముఖం పాలిపోయింది గానీ వెంటనే వేసింది.

మంగళవారం పాల్ కేబుల్ తెచ్చాడు. సుబ్రమణ్యాన్ని షెడ్డులో పైపు దగ్గర కూర్చోబెట్టి, తాను ఇంట్లోంచి కేబుల్ తోస్తూ వంగి పైపు నోట్లోకే చెప్పాడు.

"సుబ్రమణ్యమన్నా, ఈడ నడిమిగదిలో ఉండాను. కొన అగపడితే లాగు."

గొంతు నేల అడుగునుంచి వచ్చింది. ముసలిదై, తడి ఆరి, పాతాళంలోంచి వచ్చినట్టే వచ్చింది. సుబ్రమణ్యం కొన పట్టుకోలేదు. లేచి పెరటి మీదుగా ఇంట్లోకి నడిచి, తల్లి మంచం ముందు నిలబడ్డాడు. ఆమె కొత్త కట్టు సర్దుకుంటోంది.

"నీకు ముందునించే తెలుసా అమ్మా?"

"మొదట మీ నాయనే అనుకున్నాను," అంది తిరుమలమ్మ. "నా మాటకు ఎంటనే బదులు వచ్చింది సూడు, అప్పుడు తెలిసిపాయ నువ్వని. నలబై ఏండ్ల కాపరంలో ఆ మనిషి నా మాటకు ఎప్పుడు బదులు సెప్పినాడు?"

సుబ్రమణ్యానికి కోపం రావాల్సింది. రాలేదు. గుంట సంగతి తాను ఏడుస్తూ చెబుతుంటే ఎందుకు ఊరుకున్నావని మాత్రం అడిగాడు.

"నాకూ ఏడుపొచ్చింది, అందుకు. మీ నాయనకు కోపం యాడ వచ్చింది? మోకాళ్ళు పట్టుకపోయి గుంటలో దిగితే లెయ్యలేకుండా ఉండినాడు. పూడ్సమని నీతో సెప్పేదానికి రోషం. నువ్వే పూడ్సినావని తెలిసి ఆ పొద్దు రెండోమారు అన్నం పెట్టించుకున్నాడు."

"మరి షెడ్డులోకి ఒక్కనాడూ రాలేదే?"

"ఆ మోతకు ఆయనకు తలనొప్పి."

ఈ ముక్క అయిదేళ్ళలో ఎప్పుడైనా చెప్పి ఉండవచ్చు గదా అన్నాడు సుబ్రమణ్యం. కొడుకు అన్నం కూడా షెడ్డుకే పోతుంటే ఎవరికి చెప్పాలని ఆమె అడిగింది. అతను మంచం పక్కన నేల మీద కూర్చుండిపోయాడు. తల్లి చెయ్యి చీకట్లో వెతికినట్టు వెతికి అతని తల మీద ఆగింది. ప్రసూనాంబ గడప దగ్గర నిలబడి కళ్ళు తుడుచుకుంటూ, ఆ రసం ఉప్పు సంగతి తరువాత చూసుకుందామనుకుంది.

సాయంత్రానికి కొత్త కేబుల్‌లో కరెంటు పారింది, మురుగేష్ చొక్కా కోసం వచ్చి పనిలోకి దిగాడు. పాల్ సిమెంటు కలుపుకుని పైపు నోరు మూయడానికి నడిమిగదిలోకి వచ్చాడు. ఇకమీదట రెండు పూటలా తాను ఇక్కడే వచ్చి కూర్చుని మాట్లాడతానని, పైపుతో పనిలేదని సుబ్రమణ్యం తల్లికి మాట ఇచ్చాడు. తిరుమలమ్మ కొడుకు ముఖం వైపు కాసేపు పరీక్షగా చూసి, పాల్ వైపు తిరిగింది.

"మూసెయ్యప్పా. సిమెంటు వొద్దు, గుడ్డ పెట్టు."