మిల్లు చేలో బూడిద దిబ్బ

మిల్లు కట్టడానికి కొన్న చేలో ముళ్లకంప నరికించగానే నడుమెత్తు బూడిద దిబ్బ బయటపడేసరికి ఇస్మాయిల్ గుండె జారిపోయింది.

ఆ రోజు అతను అనుకున్న పని చిన్నదే. ఎమ్మిగనూరు దారిలో, తను పుట్టిన ఊరి పక్కనున్న ఆ చేనును శుభ్రం చేయించి, కర్నూలు నుంచి వచ్చే పురావస్తు సర్వేయరుకు చూపించాలి. పాతకాలపు ఆనవాళ్లేమీ లేవని ఆయన రాసిస్తే పత్తి మిల్లుకు పునాది తవ్వుకోవచ్చు. యంత్రాలు అప్పటికే లారీ ఎక్కాయి. భార్య కుల్సుంబీ నగలు అంతకు ముందే బ్యాంకు ఎక్కాయి.

వేల ఏళ్ల కిందట పశువుల మందలున్న చోట పేడ కాలి బూడిద దిబ్బలయ్యాయని ఆదోనిలో వ్యాపారులందరూ విన్నారు. పోయినేడు ఒకాయన స్థలంలో అలాంటిదే జానెడు కనిపిస్తే అధికారులు చుట్టూ తాడు కట్టి పోయారు. ఆ తాడు లోపల ఇప్పుడు మేకలు మేస్తున్నాయి.

ఇస్మాయిల్ పక్క చేను రైతు ఉచ్చీరప్పను కేకేశాడు.

"ఏ కాలంలో ఎవడు పోసినాడో గానీ, గవర్నమెంటు సూసిందంటే ఊరికే వదలదు. బండి కట్టప్పా. చిటికెడు కూడా ఈడ ఉండకూడదు."

ఉచ్చీరప్ప ముఖం పాలిపోయింది. తనలాగే ఇతనికీ గవర్నమెంటంటే భయమున్నందుకు ఇస్మాయిల్ సంతోషించాడు.

"యాడ పొయ్యాలన్నా?"

"నా చేలో తప్ప యాడన్నా పొయ్."

ఉచ్చీరప్ప చెప్పులు విడిచి గంపతో బూడిద ఎత్తసాగాడు. మనుషులు తొక్కే చోట మాత్రం పొయ్యనని గొణిగాడు. ఎందుకని అడిగే తీరిక ఇస్మాయిల్‌కు లేదు. ఆదోని బస్టాండుకు పరుగెత్తాడు.

సర్వేయరు యేసేపు బస్సు దిగగానే ఇంటికి తీసుకుపోయి ఉగ్గాని, బజ్జీలు పెట్టించాడు. ఆయన చాలన్నప్పుడల్లా ఇస్మాయిల్‌కు బండి ఇంకా తిరుగుతున్నట్టే అనిపించి, మళ్లీ వడ్డించమన్నాడు. మధ్యలో కుల్సుంబీ, పీర్ల పండక్కి ఎప్పటిలాగే అతని ఊరికి నిప్పుల గుండం కట్టెలు, షర్బత్ కుండలు పంపాలా అని అడిగింది. ఇస్మాయిల్ లోపలికి పొమ్మని కళ్లతోనే సైగ చేశాడు.

ఇద్దరూ చేరేసరికి చేను అద్దంలా ఉంది. యేసేపు నాలుగు మూలలూ తిరిగి, సంతకానికి పెన్ను తీశాడు. అప్పుడే ఆయన చూపు నేల మీది సన్నని బూడిద గీతపై పడింది. బండి సందుల్లోంచి రాలిన గీత. పెన్ను మళ్లీ జేబులోకి పోయింది. ముందు యేసేపు, వెనక ఇస్మాయిల్ ఆ గీత పట్టుకుని నడిచారు. అది ఉచ్చీరప్ప చేను గట్టున, బండ్ల బాట పక్కన, పెద్ద కుప్ప దగ్గర ఆగింది.

యేసేపు కుప్పలోంచి ఒక కుండపెంకు తీసి జేబురుమాలుతో అపురూపంగా తుడిచాడు. "ఇది మామూలు తావు కాదు" అని తాడు తీసి కట్టడం మొదలుపెట్టాడు. తాడు బాటకు అడ్డంగా పడింది. మిల్లుకు లారీలు రావడానికున్నది ఆ ఒక్క బాటే.

ఇక దాచి లాభం లేదనుకున్నాడు ఇస్మాయిల్.

"సార్, అది ఈడిది కాదు. పొద్దున దాకా నా చేలోనే ఉండె. నేనే తోలించినాను."

"చెప్పి మంచిపని చేసినారు," అన్నాడు యేసేపు. "అయితే మీ చేనుకు కూడా కట్టాల."

అంటూనే లోతు చూద్దామని బూటుకాలు కుప్పలోకి దించాడు. అంతవరకు బండి చాటున ఉన్న ఉచ్చీరప్ప పరుగెత్తుకొచ్చి ఆ కాలు పట్టుకున్నాడు.

"దొరా, బూటుతో తొక్కద్దు. అది పీర్ల గుండం బూడిద."

యేసేపు కాలు వెనక్కి తీసుకుని, చేతిలోని పెంకు వైపు చూశాడు. తర్వాత కట్టిన తాడు విప్పి చుట్టుకోసాగాడు. పోయిన ప్రాణం తిరిగొచ్చిన ఇస్మాయిల్‌కు దాంతోపాటు కోపమూ వచ్చింది. పొద్దున్నే ఎందుకు చెప్పలేదని నిలదీశాడు.

ఉచ్చీరప్ప తలొంచుకున్నాడు.

"గవర్నమెంటు వదలదంటివి కదన్నా, భయపడి నోరు మూసుకుంటి. నీ చేను ఎవరూ తొక్కని బీడని ఏటా నేనే తోలి ఆడ పోస్తాంటిని. తప్పు నాదే. బూడిద పోసింది నేనే. కట్టెలు మాత్రం నువ్వు పంపినవి, ఆ పగిలిన కుండలు మా కుల్సుంబక్క పంపినవి."