పన్నెండు జాగాల కెమెరా

ఆత్మకూరు ప్రజలకు తెలియజేయడమేమనగా, మా పెళ్ళయిన ఇరవై మూడో రోజున, అంటే ఈ 1999 మార్చిలో, ఈ గురువారం ఉదయం పదకొండు గంటలకు, రీలు అక్కర లేని కెమెరా మన ఊళ్ళో అడుగుపెట్టింది. ఆ శుభవార్తను మా గుమ్మంలో నిలబడి చెప్పినవాడు లతీఫ్ భాయ్. మా ఆయన అమరేందర్‌కు చిన్ననాటి దోస్తు, దుబాయి నుంచి సెలవు మీద ఆ పొద్దునే దిగాడు.

"పెళ్ళికి రాలేకపోయిన భాబీ. గందుకే గిది తెచ్చిన. రీలు లేదు, కడుగుడు లేదు. తియ్యంగనే ఎనక అద్దంల కనపడ్తది."

"మరి ఫొటోలు బయటికెట్లొస్తయి?" అని అమరేందర్ అడిగాడు.

"కంప్యూటర్‌కు తీగ పెట్టాలె. గా తీగ దుబాయిలనే మరిచిపోయిన."

మన ఊళ్ళో కంప్యూటర్ లేదు కాబట్టి తీగ లేని లోటు ఎవరికీ కలగలేదు.

మమ్మల్ని గోడకు నిలబెట్టి లతీఫ్ భాయ్ మీట నొక్కాడు. ఏమీ కాలేదు. మళ్ళీ నొక్కాడు. అమరేందర్ నా చెవిలో, "మా ఆఫీసు లెక్కనే ఉన్నది, అర్జీ తీసుకున్నంక జర ఆలోచిస్తది" అన్నాడు. ఆయన మండలాఫీసులో జూనియర్ అసిస్టెంటు, ఆయనకు తెలుసు. నాకు నవ్వాగలేదు. నన్ను చూసి ఆయనా నవ్వాడు. సరిగ్గా అప్పుడు కెమెరా తన నిర్ణయం తీసుకుంది.

వెనక అద్దం అగ్గిపెట్టెంత ఉంటుంది. అందులో నా పళ్ళన్నీ కనిపిస్తున్నాయి. ఆయన కళ్ళు మూతపడి ఉన్నాయి. నేనింత బాగుంటానని నాకు అప్పటిదాకా తెలియదు.

ఇక్కడ మా పెళ్ళి ఆల్బమ్ గురించి ఒక మాట. దాన్ని తీసినవారు ముప్పై ఏళ్ళుగా మన ఊరి ముఖాలను తెల్లగా చేస్తున్న స్టూడియో మెహమూద్ గారు. నూట ఎనిమిది ఫొటోలు. తొంభై తొమ్మిదింటిలో ఊరి పెద్దలు భోజనం చేస్తున్నారు. మిగిలిన తొమ్మిదింటిలో మేమున్నాం, తలలు వంచుకుని, ఏదో నేరం ఒప్పుకున్నట్టు. ఇద్దరం కలిసి నవ్విన ఫొటో ఈ లోకంలో కెమెరాలోని ఆ ఒక్కటే. తీగ దొరికేదాకా దానికి వేరే ఇల్లు లేదు.

మధ్యాహ్నానికి వీధంతా తల దువ్వుకుని వచ్చింది. మా అత్తమ్మ జంగమ్మ మొదటి కుర్చీలో కూర్చుంది. కెమెరా ఆలోచించే స్వభావం ఆమెకు తెలియదు. ఊపిరి బిగబట్టి, ఎంతకూ చప్పుడు రాకపోయేసరికి "అయిందా?" అని అడిగింది. అప్పుడయింది. తరువాత వచ్చిన తొమ్మిది మందీ ఊపిరి బిగబట్టారు, తొమ్మిది మందీ "అయిందా?" అన్నారు. ఆ విధంగా మన వీధిలోని పది మందీ నోళ్ళు తెరుచుకుని, ఏదో పెద్ద వార్త విన్నట్టు శాశ్వతంగా నిలిచిపోయారు. అద్దం చిన్నది కనుక ఎవరి నోరు ఎవరిదో చీర రంగును బట్టి తేల్చుకుని సంతోషించారు.

కెమెరాకు ఆకలి కూడా ఎక్కువ. నాలుగు సెల్లులు వేస్తే అరగంటలో తినేస్తుంది. దుకాణంలో సెల్లులు అయిపోయాక జనం ఇళ్ళలోని గోడ గడియారాల నుంచి పీకి తెచ్చారు. మన వీధిలో అప్పటి నుంచి మూడుంబావే అవుతోంది. ఎవరికీ ఇబ్బంది కలగలేదు.

సాయంత్రానికి పదకొండు ఫొటోలయ్యాయి. కెమెరాలో మొత్తం జాగాలు పన్నెండు. ఉన్న ఒక్క జాగాకు దరఖాస్తులు రెండు వచ్చాయి. ఒకటి రిటైర్డ్ హెడ్మాస్టర్ జానయ్య సారుది, రెండోది మెహమూద్ గారిది. పెద్దమనుషులు ముందుగా వచ్చి వరసలో నిలబడరు గనుక ఇద్దరూ చివరికే వచ్చారు. ఒకరు దిగి ఇంకొకరు దిగకపోతే ఊరి మర్యాద ఏమవుతుంది? కాబట్టి ఉన్నవాటిలో ఒక ఫొటోను తీసెయ్యాలి. ఏది తీసెయ్యాలో నాణ్యతను బట్టి నిర్ణయించడానికి అక్కడికక్కడే ఒక కమిటీ ఏర్పడింది. సభ్యులు జానయ్య సారు, మెహమూద్ గారు. నిష్పక్షపాతంగా ఉండటానికి ఇంకెవరినీ చేర్చలేదు.

సారు కళ్ళజోడు తుడుచుకుని లేచారు. "సోదర సోదరీమణులారా, ఫొటో అనునది సమాజమునకు అద్దము. మొదటి ఫొటోను పరిశీలించితిని. పెండ్లికూతురు పండ్లు కనపడుచున్నవి. పెండ్లికొడుకు నిద్రించుచున్నాడు. భావితరములు దీనిని చూచి ఏమి నేర్చుకొనును?"

మెహమూద్ గారు సాంకేతిక అభిప్రాయం ఇచ్చారు. "క్వాలిటీ అంటే ఏంది? ముఖం తెల్లగ రావాలె. గీ పోరి ఉన్నది ఉన్నట్టే వచ్చింది. గిదేం కెమెరా?"

నేను అత్తమ్మ వైపు చూశాను. "నా దిక్కేం చూస్తున్నవ్ బిడ్డా? నాది ముట్టుకుంటే ఊకోను" అంది. "మీకేం, నవ్వుకోనీకె బతుకంత ఉన్నది." మిగతా తొమ్మిది మందీ ఇది న్యాయమైన మాట అన్నారు.

బీఎస్సీ చదువు ఎందుకైనా పనికొస్తుందేమోనని నేను కెమెరా పుస్తకం తెరిచాను. నలభయ్యో పేజీలో దొరికింది. ఈ కెమెరాలో నాణ్యతకు నక్షత్రాలున్నాయి. మూడు నక్షత్రాలు పెడితే ఫొటో పెద్దది, పన్నెండే పడతాయి. ఒక్క నక్షత్రం పెడితే ఆ మిగిలిన ఒక్క జాగాలోనే ఎనిమిది పడతాయి. అగ్గిపెట్టెంత అద్దంలో రెండింటికీ తేడా దేవుడికి కూడా కనిపించదు. ఈ సంగతి సంతోషంగా సభకు విన్నవించాను. సారు, మెహమూద్ గారు ఇద్దరూ దిగవచ్చు. ఇంకా ఆరుగురు కూడా దిగవచ్చు. ఎవరినీ తీసెయ్యక్కర లేదు.



"అందరికి మూడు, నాకొక్కటా?" అన్నారు సారు. ఇంత సేపటికి ఆయన నోట మామూలు మాట వచ్చింది.

"ముప్పై ఏండ్ల నుంచి ఫొటోలు తీస్తున్న. నన్ను ఒక్క చుక్కల దిగుమంటవా?" అన్నారు మెహమూద్ గారు.

"గట్ల నువ్వు చెప్పొద్దు బిడ్డా, పెద్దోళ్ళు" అంది అత్తమ్మ.

తీర్మానం ఏకగ్రీవం. మరుసటి రోజు ఉదయం పది గంటలకు మా ఇంట్లో, మా చేతులతోనే, మా ఫొటోను తొలగించే కార్యక్రమం. తరువాత చాయ్.

జనం వెళ్ళాక అమరేందర్, నేను పెరట్లో అరుగు మీద కూర్చున్నాం. నా ముఖం చూసి ఆయన, "రేపు శుక్రవారం, ఇంకొక్క దినం సెలవు పెడత. పొద్దుగాల బస్సుకు ఆలంపూర్ పోదామా? కెమెరా ఎంబడి తీసుకపోదాం" అన్నాడు. తుంగభద్ర ఒడ్డున మేమిద్దరం నవ్వుతూ ఉంటాం. కెమెరా ఎంతసేపు ఆలోచిస్తే అంతసేపు నవ్వుతాం. ఆ ఊహకే నాకు నవ్వొచ్చింది.

"జాగా ఒక్కటే ఉన్నది కదా" అన్నాను.

"ఒక్క చుక్క పెడితే ఎనిమిది పడతయంటివి."

నేను ఆయన వైపు చూశాను. "పెళ్ళయినంక మొదటిసారి పోతున్నం. ఒక్క చుక్కల దిగుదమా?"

ఆయన కాసేపు, కెమెరా ఆలోచించినంత సేపు, ఆలోచించాడు. తరువాత చెత్తబుట్ట బొమ్మ ఉన్న మీట ఎక్కడో చూపించమన్నాడు. వీధివాళ్ళు తొమ్మిది మందినీ వచ్చిన వరసలోనే తీసేశాం. ఎవరికీ అన్యాయం జరగలేదు. అత్తమ్మది మాత్రం పెద్దరికాన్ని గౌరవించి చివరికి తీసేశాం.

కనుక కమిటీ వారికి మనవి. రేపు పది గంటల కార్యక్రమం జరగదు, చాయ్ కూడా లేదు. మేం ఆరు గంటల బస్సుకు ఆలంపూర్ పోతున్నాం. వీధిలో ఇంకా మూడుంబావే కనుక, బస్సు తప్పిపోకుండా చీకటి ఉండగానే స్టాండుకు వెళ్ళి నిలబడతాం. కెమెరాలో ఇప్పుడు పదకొండు జాగాలు ఖాళీ. అన్నీ మూడు నక్షత్రాలవే.