చదును దేశాలు తిరిగొచ్చిన ముసల్ది

ఆ ఉదయం సార్జెంటు ఇమ్రో పెట్టుకున్న పని ఒక్కటే. సాయంత్రంలోగా 'ముసల్ది' శిబిరం గేటు దాటాలి.

ముసల్ది అంటే ముప్పై ఏళ్ల నాటి సాయుధ వాహనం. చదును నేల మీద బుద్ధిగానే నడుస్తుంది. దిగుడు తగిలిందా, బ్రేకులు వేడెక్కి చేతులెత్తేస్తాయి. తత్రా కొండల కింద దిగుడు లేని దారి ఎక్కడుంది? కిందటి శరత్కాలంలో అది డ్రైవరు బ్లజేయ్ రెండు కాళ్లూ తీసుకుంది. విడిభాగాలు చేసే దేశంతో స్లొవాకియా ప్రభుత్వానికి మాటల్లేవు. సోమవారం నుంచి దాన్ని నడపాల్సింది ఇమ్రో కూతురు, సిపాయి బేత్కా.

అదృష్టం డెన్మార్క్ నుంచి వచ్చింది. సముద్రం అవతలి పెద్ద మిత్రుడు ఇస్తానన్న కొత్త బళ్లు ఏళ్ల తరబడి వాయిదా పడడంతో, డెన్మార్క్ వాళ్లు పాత బళ్ల కోసం శిబిరాలు పట్టుకు తిరుగుతున్నారు. ఇమ్రో వాళ్లను ఎక్కించుకుని గుట్ట మీదికి తోలాడు. ఎక్కుడు మధ్యలో బ్రేకు తొక్కితే ముసల్ది పిల్లిలా ఆగింది.

"మరి దిగుడులో?" అన్నాడు వాళ్ల మేజరు.

"మీ దేశంలో దిగుడెక్కడుంది మేజరు గారూ? గుట్ట కావాలంటే పెంట పోసుకోవాలి!"

మేజరు పగలబడి నవ్వాడు. కిందికి మాత్రం ఇమ్రో అందరినీ నడిపించుకొచ్చాడు, దారి పొడవునా అడవిపళ్లు ఏరి పెడుతూ. బండిని గుట్ట మీంచే లారీ మోసుకుపోయింది.

సాయంత్రం బొరోవిచ్కా సారా గ్లాసులు గలగలలాడాయి. "పీడ వదిలింది" అన్నాడు శిబిరం అధికారి కర్నల్ హవ్రాన్.

"వాళ్లలో ఎవడికైనా కాళ్లు పోతే, సార్?"

"వాళ్ల కాళ్లు వాళ్లు చూసుకుంటారు. నీ కూతురి కాళ్లు నువ్వు చూసుకో."

డెన్మార్క్‌లో ముసల్దికి దిగుడన్నదే తగల్లేదు. కొన్నాళ్లకు ఆ దేశానికి పెద్ద మిత్రుడితో చెడింది. పక్కదేశం వైపు తిరిగి కొత్త బళ్లు కొనుక్కుని, ముసల్దిని హాలండ్‌కు అంటగట్టింది. అక్కడ నేల ఇంకా చదును. ఒక్క ప్రమాదం కూడా లేదు కనుక పేరు పెరిగింది, పేరుతోపాటు ధరా పెరిగింది. అంతలో పెద్ద మిత్రుడు తూర్పు దేశాల నుంచి తన సైన్యాన్ని వెనక్కి పిలుస్తున్నాడని పుకారు పుట్టింది. స్లొవాక్ రక్షణ మంత్రి హడలిపోయి హాలండ్‌లో చేతికందిన బళ్లన్నీ కొనేశాడు.

ఆ బళ్ల ప్రారంభోత్సవం నాడు గుట్ట మీద కొత్త రంగులో మెరుస్తున్న బండిని వేదిక దగ్గర నుంచి చూసి ఇమ్రో బిగుసుకుపోయాడు. తలుపు మీది అతుకు తాను వేసిందే. లోపల మంత్రి. స్టీరింగు దగ్గర బేత్కా.

"సార్, అది మన ముసల్ది!"

"తెలుసు, నోర్ముయ్. ఇప్పుడు చెబితే డెన్మార్క్ వాళ్లను మోసం చేశామని ఒప్పుకున్నట్టే. మనకు మిగిలిందే ఆ నలుగురు స్నేహితులు."

పైన ఇంజను గర్జించింది. ఇమ్రో మైకు లాక్కున్నాడు.

"బేత్కా, కదలకు! అది దిగుడులో ఆగదు! అమ్మింది నేనే!"

ఇంజను ఆగింది. మంత్రి పాలిపోయిన మొహంతో దిగాడు. వేదిక మీద డచ్చి అధికారి, డెన్మార్క్ అధికారి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు.

గుసగుసలు చాలాసేపు సాగాయి. బండిని తిప్పి పంపితే డచ్చివాళ్లకు అవమానం. వాళ్లు డెన్మార్క్‌ను నిలదీస్తే కూటమికే చీలిక. చివరికి అందరూ ఒక మాట మీదికొచ్చారు: బండి మంచిదే, తప్పంతా కొండలది.

బేత్కా గుట్ట దిగి నడిచొచ్చింది. "నా ప్రాణం కాపాడావు నాన్నా. ముసల్దిని ఎక్కడికి పంపుతున్నారో విన్నావా?"

"ఎక్కడికైతే మనకేంటే!"

"లాత్వియాకి. రష్యా సరిహద్దుకి. డ్రైవరుతో సహా."

కర్నల్ వచ్చి ఇమ్రో భుజం తట్టాడు.

"దిగులుపడకు ఇమ్రో. అక్కడంతా చదునే."